ఆఫియా కంప్యూటర్‌లో మాయమైన దాతలు

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనుక గల్లీలో ఉండే ఆఫియా, రెండో కాన్పులో చావు అంచుదాకా వెళ్లి వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషెవరో రక్తం ఇస్తే బతికింది. పిల్లలు కాస్త పెద్దయ్యాక కంప్యూటర్ నేర్చుకుని, లాల్‌దర్వాజాలో అమరనాథ్ సారు నడిపే రక్తదాతల కేంద్రంలో చేరింది. పాతబస్తీలో ఎవరిది ఏ గ్రూపు, ఎవరు ఎప్పుడు ఇచ్చారు, అంతా ఆమె కంప్యూటర్‌లోనే ఉండేది.

ఆ సోమవారం పొద్దున, రక్తదాన శిబిరాల వివరాల కోసం కొత్త ప్రోగ్రామ్ ఒకటి ఎక్కించింది. దానివెంట, వివరాలు దాచుకునే దాని డేటాబేస్ కూడా వచ్చింది. దాతల పేర్లుండే పాత ప్రోగ్రామ్‌కు ముందే ఒకటుంది. ఒక కంప్యూటర్‌లో రెండు ఉంటే ఏమవుతుందిలే అనుకుంది. మరిచిపోకుండా ఉండాలని రెండింటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసింది.

పాత ప్రోగ్రామ్ తెరిచింది. దాతలు: సున్నా.

మూసి మళ్లీ తెరిచింది. సున్నానే. బ్యాకప్ పెన్‌డ్రైవ్ తీసి చూస్తే అది నిరుటిది. కొత్త ప్రోగ్రామ్ ఇచ్చిన విశాల్‌కు ఫోన్ చేసింది.

"గదేం గాదక్కా, కొత్తది తీసేసి మళ్ల ఎక్కియ్యి. ఏమడిగినా యెస్ కొట్టు" అన్నాడతను, బండి మీద పోతూ.

తీసేయడం మొదలుపెట్టింది. తెర మీద ప్రశ్న వచ్చింది: డేటా కూడా తొలగించాలా? ఏ డేటా? కొత్తదానిదా, పాతదానిదా? ఎక్కడా రాసి లేదు. మౌస్ మీద వేలు ఆగింది.

అప్పుడే గౌలిపుర నాగమణమ్మ ఆయాసపడుతూ లోపలికి వచ్చింది.

"బిడ్డా, మా కోడలు స్రవ్యకు కాన్పయింది. నెత్తురు ఆగుతలేదు. బాంబే గ్రూపంట, వేరే ఏ నెత్తురూ ఎక్కదంట, ఎక్కడా దొరకదంటున్రు. మీ దగ్గర ఉన్నరంట గద, జర చెప్పు బిడ్డా!"

ఆ గ్రూపు వాళ్లు ఇద్దరున్నారు. ఇద్దరూ ఈ ఏడే చేరారు, పెన్‌డ్రైవ్‌లోనూ ఉండరు. పేర్లు కూడా గుర్తుకు రావడం లేదు, భయానికి తల మొద్దుబారిపోయింది. మూడుసార్లు 'యా అల్లా' అనుకుని, యెస్ కాదు, రద్దు నొక్కింది.

"సార్, డేటా కనిపిస్తలేదు. నేనే ఏదో చేసిన" అంది, పక్క బల్ల దగ్గరున్న అమరనాథ్ సారుతో. ఏడుపు ఆగలేదు.

అమరనాథ్ సారు ముఖం పాలిపోయింది. అయినా కోప్పడలేదు. "ఘాబ్రా గాకు బేటా. పోయిందని నీకెట్ల ఎరుక? ముందు ఉందో లేదో చూడు" అన్నాడు.

చూసింది. పాత డేటాబేస్ ఫోల్డర్‌లో ఫైళ్లు ఉన్నాయి. శనివారం తేదీతో, సైజు తగ్గకుండా. వాటిని ముట్టుకోకుండా ముందు ఒక నకలు తీసి పెట్టుకుంది. నకలు ఎక్కుతున్నంతసేపూ నాగమణమ్మ "అయ్యిందా బిడ్డా, అయ్యిందా?" అని అడుగుతూనే ఉంది. అడిగిన ప్రతిసారీ అది సూదిలా గుచ్చుకుంది.

తర్వాత ఏది నడుస్తోందో చూసింది. కొత్త డేటాబేస్ నడుస్తోంది. పాతది ఆగి ఉంది. లేపబోతే లేవలేదు: ఈ పోర్టు నంబరు మరొకరు వాడుతున్నారు అని చూపింది. అప్పుడు అర్థమైంది. పోర్టు నంబరంటే, ప్రోగ్రామ్ తన డేటాబేస్‌ను వెతుక్కుంటూ వెళ్లే ఇంటి నంబరు లాంటిది; రెండింటికీ అది ఒకటే. కంప్యూటర్ ఆన్ కాగానే కొత్తది ముందు లేచి ఆ నంబరులో కూర్చుంది. పాత ప్రోగ్రామ్ వెళ్లి తలుపు తడితే తీసింది కొత్తది. పాస్‌వర్డూ కలిసింది. లోపల ఏమీ లేకపోయేసరికి, ప్రోగ్రామ్ తనంతట తానే ఖాళీ పట్టికలు గీసుకుంది.

కొత్తదాన్ని ఆపింది. పాతదాన్ని నడిపింది. ప్రోగ్రామ్ తెరిచేటప్పుడు కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి తెర నిండా పేర్లు. బాంబే గ్రూపు అని వెతికింది. మొదటాయన ఫోన్ కలవలేదు. రెండో పేరు గులాం రసూల్. గాజుల దుకాణం. ఫోన్ చాలాసేపు మోగింది. ఇక ఎత్తడనుకుంటుండగా గొంతు వినిపిస్తే, గబగబా సంగతి చెప్పింది.

"ఏ ఆస్పత్రి బేటీ? దుకాణం బంద్ చేసి ఇప్పుడే పోతున్న."

నాగమణమ్మ ఆఫియా రెండు చేతులూ పట్టుకుంది. ఎవరి చేతులు ఎక్కువ చల్లగా ఉన్నాయో చెప్పలేం.

సాయంత్రానికి స్రవ్య గండం గడిచిందని కబురొచ్చింది. ఆఫియా అప్పటికి కొత్త డేటాబేస్‌కు వేరే నంబరు పెట్టి, కంప్యూటర్‌ను పదేపదే ఆపి, ఆన్ చేసి, రెండూ వేటి దారిన అవి లేస్తున్నాయో లేదో చూస్తూ కూర్చుంది. సారు "చాలు, ఇంటికి పో" అంటే గానీ లేవలేదు.

ఇంట్లో అన్నం ముద్ద దిగలేదు. భర్త షాహెద్ "అంతా మంచిగనే అయ్యిందంటివి గద, ఇంక ఏంది ఫికర్?" అని అడిగాడు.

"విశాల్ చెప్పినట్టు యెస్ కొట్టి ఉంటే?" అంది ఆఫియా.

షాహెద్ నీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాడు.