లూషస్ చేసిన ఎగతాళి

అమెరికాలోని మిసిసిపీ డెల్టాలో ఒక ఊళ్లో పేగు క్యాన్సర్ వచ్చిన తెల్లవాళ్లు చాలామంది బతికేవారు. నల్లవాళ్లకు అది ఆలస్యంగా బయటపడేది. అందుకని క్లినిక్ నర్సు ఇంట్లోనే నమూనా తీసి పోస్టులో ల్యాబుకు పంపే మలపరీక్ష పొట్లాలు తెచ్చి, నల్లవాళ్లంతా చేరే లూషస్ టేటమ్ మంగలి షాపులో పెట్టింది.

క్షవరానికొచ్చిన హర్షెల్ ఒకటి తీసుకోబోతుంటే లూషస్, "ఏరా, నీ సరుకు పోస్టులో పంపిస్తావా?" అన్నాడు. షాపంతా గొల్లున నవ్వింది. హర్షెల్ కూడా నవ్వి, పొట్లం తిరిగి పెట్టేశాడు.

రెండేళ్లకు హర్షెల్ ఆ జబ్బుతోనే పోయాడు. శవానికి గడ్డం గీయడానికి వెళ్లిన లూషస్‌తో అతని భార్య ఒడెస్సా, "ఆయన ఆ పొట్లం తీయబోయిన నాటికే మలంలో రక్తం పడుతోందంట అన్నయ్యా. మీరంతా నవ్వుతారని చివరిదాకా నాక్కూడా చెప్పలేదు," అంది. లూషస్ తలెత్తలేకపోయాడు.

శనివారం షాపు నిండా జనం ఉండగా, తను చేసిన పని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎవరూ నవ్వలేదు, పొట్లమూ తీసుకోలేదు. అందరూ చూస్తుండగా తనే ఒకటి జేబులో పెట్టుకున్నాడు.