మూడో పిలుపు

నిన్న ఆదివారం, ఉదయం ఆరుంబావు, దట్టమైన మంచు. మనవరాలితో ఆనందపురం దగ్గరి అడవిలో సఫారీ జీపు ఎక్కగానే తడి ఆకుల వాసన సోకి, నా ఎనిమిదో ఏట నాన్నతో వచ్చి అక్కడే తప్పిపోయిన ఉదయం గుర్తుకొచ్చింది.

ఆనాడు మాకు దారి చూపిన ఆ ఊరి అప్పన్న ముందే చెప్పాడు: "ఒలమ్మీ, అడివిలో పిలిస్తే ఎంటనే పలక్కు. దెయ్యం రెండుసార్లే పిలుత్తాది. మూడోసారికి పలుకు."

జింక వెంట వెళ్లి పొదల్లో చిక్కుకున్నాను. నాన్న గొంతు దూరం నుంచి రెండుసార్లు నా పేరు పిలిచింది. దెయ్యమనుకొని ఊపిరి బిగబట్టాను. మూడోసారి అదే గొంతు చెవి పక్కనే వినిపించగానే "నాన్నా!" అని అరిచాను.

వాగు అవతలి నుంచి ఆయన పరుగున వచ్చి నన్ను ఎత్తుకున్నారు. "రెండుసార్లు పిలిసీసరికే గొంతు పూడుకుపోనాదే. నువ్వు అరవకపోతే ఏటయ్యేదో!" అన్నారు.

ఆయన పిలిచినవి రెండు. నేను విన్నవి మూడు.