చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు

పత్తర్‌గట్టిలో పెళ్లి ఊరేగింపు వస్తున్నదంటే దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లందరూ గుమ్మాల్లోకి వస్తారు. వీణ మాత్రం లోపలికి వెళ్తుంది. ఆమె పనిచేసే మ్యాచింగ్ సెంటర్ వెనక భాగంలో లైనింగ్ గుడ్డల తానులు నిలబెట్టిన చిన్న గది ఉంది. తలుపు వేస్తే బయటి చప్పుడు సగం ఆ తానుల్లోనే ఇంకిపోతుంది. మర్ఫా డోళ్ల దరువు చార్మినార్ వైపు సాగిపోయేదాకా ఆమె అక్కడే గోడకు వీపు ఆనించి నిలబడుతుంది.

“బాజా వింటే పిల్లిలెక్క దాక్కుంటవేంది, వీణా?” అని యజమాని సీతారాం మొదట్లో నవ్వేవాడు.

“తలనొప్పి, సేఠ్.”

ఏళ్లు గడిచేసరికి ఆ అబద్ధానికి నిజానికుండే మర్యాద వచ్చింది. ఇప్పుడు దూరాన డోలు వినిపిస్తే సీతారామే “పో పో, మళ్ల తలకాయ పట్టుకుంటది” అని గది వైపు చెయ్యి చూపిస్తాడు.

ఏం కోరుకున్నారో చూసి మనుషులను అర్థం చేసుకోవడం లోకం అలవాటు. దేన్నుంచి తప్పుకుని నడిచారో చూస్తే చాలామంది ఇంకా స్పష్టంగా కనిపిస్తారు. వీణ ముప్పై ఎనిమిదేళ్ల జీవితం డప్పు నుంచి తప్పుకుని నడిచిన దారి.

ఆమె తల్లి సుందరమ్మ ఉప్పుగూడలో పేరున్న శివసత్తు. ఆషాఢంలో బోనాలు కదిలినప్పుడు డప్పు మోగితే అమ్మవారు ఆమె ఒంటి మీదికి వచ్చేది. దాన్ని అక్కడివాళ్లు శిగం అంటారు. ముందు అరికాళ్లు కదిలేవి. తర్వాత జుట్టు ముడి వీడేది. ఆ తర్వాత సుందరమ్మ సుందరమ్మ కాదు. ఎదురుగా నిలబడి డప్పు కొట్టేది ఆమె భర్త అంజన్నే. దేవతను పిలిచేదీ ఆయన దరువే, సాగనంపేదీ ఆయన దరువే. జనం వేపకొమ్మలతో, పసుపునీళ్లతో చుట్టూ చేరి తమ కష్టాలు చెప్పుకొని ఆమె నోట మాట వినేవారు.

చిన్నతనంలో ఒక బోనాల నాడు వీణ ఆ గుంపులో నలిగి, ఏడుస్తూ తల్లి చీర కుచ్చిళ్లు పట్టుకుంది. సుందరమ్మ తల తిప్పి చూసింది. ఆ కళ్లు తెరుచుకునే ఉన్నాయి. వాటిలో వీణ లేదు. అమ్మవారు వచ్చిందని వాడంతా మొక్కింది. అమ్మ వెళ్లిపోయిందని ఒక్క పిల్లకే తెలిసింది. తెల్లవారి సుందరమ్మ మామూలుగా లేచి, బిడ్డకు తల దువ్వి, బువ్వ పెట్టింది. రాత్రి సంగతేదీ ఆమెకు గుర్తులేదు. వీణ మాత్రం ఆ దువ్వెన తలకు తగిలినప్పుడల్లా, వెనక కూర్చున్నది ఎవరోనని తిరిగి తిరిగి చూసింది.

తల్లికి వచ్చేది బిడ్డకూ వస్తుందని వాడకట్టులో నమ్మకం. యౌవనంలో ఒకసారి, మేనమామ కొడుకు పెళ్లి బారాత్‌లో, వీణ అరికాళ్ల కింద నేల ఉన్నట్టుండి చల్లబడింది. ఆ చల్లదనం మోకాళ్ల దాకా పాకేలోగా ఆమె అక్కడినుంచి పరుగెత్తింది. ఆ తర్వాత ప్రతి ఆషాఢంలోనూ ఏదో ఒక వంక పెట్టుకుని ఊరవతల చుట్టాలింటికి పోయేది. రైల్వేలో పనిచేసే డానియేలు సంబంధం వచ్చినప్పుడు ఇంట్లో పెద్ద లొల్లి అయింది. వీణ పట్టుబట్టి చేసుకుంది. డానియేలు మంచివాడు. అది ఒక కారణం. ఆ ఇంట్లో ప్రార్థనకు హార్మోనియం తప్ప మరో వాద్యం లేకపోవడం రెండోది. ఈ రెండో కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు. పెళ్లయిన కొన్నాళ్లకు చర్చికి ఎవరో డ్రమ్‌సెట్ విరాళమిచ్చారు. అప్పటినుంచి ఆమె తలుపు పక్కనున్న చివరి బెంచీ మీద కూర్చుంటుంది.

సుందరమ్మ పోయాక అంజన్న కూతురి దగ్గరికే వచ్చేశాడు. డప్పు తెచ్చుకోలేదు. ఎందుకని వీణ అడగలేదు.

వీణ, డానియేలుల కూతురు షారోన్ మాదన్నపేటలోని ఒక బడిలో మూడో తరగతి చదువుతుంది. ఒకనాడు ఆ పిల్ల ఇంటికి రావడమే ఎగురుతూ వచ్చింది.

“మమ్మీ! ఆఫ్రికా అన్నలు వస్తున్నరంట మా స్కూల్‌కి! ఒక్కో ఫ్యామిలీకి ఒక్కో డ్రమ్ము ఇస్తరంట. మనమే కొట్టాలె, మనమే ఆడాలె!”

నగరానికి చదువుకోవడానికి వచ్చిన ముగ్గురు ఆఫ్రికా విద్యార్థులు బృందంగా ఏర్పడి కుటుంబాల కోసం డోలు, నాట్య ప్రదర్శన ఇస్తున్నారు. చూసి, చప్పట్లు కొట్టి, లేచి వచ్చే ప్రదర్శన కాదది. వచ్చినవాళ్లందరూ అందులో భాగం కావాలి.

“డాడీతోని పో,” అంది వీణ.

“డాడీకి డ్యూటీ.”

“గట్లయితే తాతతోని పో.”

“తాతకు మోకాళ్లు నొస్తయ్. నువ్వెందుకు రావు? స్పోర్ట్స్ డేకు రాలే, యాన్యువల్ డేకు రాలే. మా క్లాసు సంకేత్ వాళ్ల నానమ్మ సుత వస్తది. మీ మమ్మీకి బాగుండదా అని టీచర్ అడిగింది.”

“నువ్వేం చెప్పినవ్?”

“తలనొప్పి అని చెప్పిన.”

తన అబద్ధం అంత చిన్న నోట్లో అంత సులువుగా పలకడం విన్నాక వీణ ఇక కాదనలేకపోయింది. వస్తానంది.

ఆ సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న తండ్రి పక్కన ఆమె చేరింది. ఇద్దరి మధ్యా ఆ ప్రస్తావన ఏళ్ల తరబడి రాలేదు.

“బాపు, అమ్మకు శిగం వస్తుండె కద. డప్పు నీ రొమ్ముకే ఆనుకొని ఉంటుండె. నీకెందుకు రాకపోతుండె?”

అంజన్న మోకాలు రుద్దుకున్నాడు. “కొట్టెటోనికి ఎక్కదు బిడ్డా. నా చేతులకు పనుండె. చేతులు ఖాళీగున్నోళ్ల మీదికే వస్తది.” తర్వాత కూతురి ముఖంలోకి చూశాడు. “ఏంది, భయపడుతున్నవా? మీ అమ్మ ఎన్నడు భయపడలే.”

“ఆమెకు ఆమె కనపడకపోతుండె, బాపు. చూసింది నేను.”

వీణకు ఆయన చెప్పినది పట్టుకోవడానికి ఒక కొమ్మలా దొరికింది. కుటుంబానికో డోలు ఇస్తారు. తాను వాయిస్తుంది. షారోన్ ఆడుతుంది. చేతులకు పని ఉంటే చాలు.

ప్రదర్శన నాటి ఉదయం ఆమె తలకు నూనె దట్టంగా రాసి, జడ బిగించి అల్లి, చుట్ట చుట్టి, ఇంట్లో ఉన్న పిన్నులన్నీ గుచ్చింది.

“ఏంది మమ్మీ, హెల్మెట్ లెక్క ఉంది,” అంది షారోన్.

బడి ఆవరణలో షామియానా వేశారు. దాని అంచున, ఎండ పడేచోట, డోళ్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. నడుము సన్నగా, పైన వెడల్పుగా, మేకతోలు బిగించిన ఆ వాద్యాన్ని జెంబె అంటారట. తోలు బిగుసుకోవడానికే వాటిని ఎండలో పెట్టారని వీణకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తండ్రి గడ్డిమంట మీద డప్పు కాచేటప్పుడు లేచే వాసన అదే. ఎక్కడో సముద్రాల అవతలి చెట్టు, ఎక్కడో మేసిన మేక. అయినా ఆ వాసన ఆమె ఇల్లు కనుక్కుని వచ్చింది.

పక్క కుర్చీలో సంకేత్ నానమ్మ కోమలవల్లి కూర్చుంది. వాళ్లది తరతరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం.

“మీరు షారోన్ వాళ్ల అమ్మగారా? ఇన్నాళ్లకు దర్శనమిచ్చారు! మీ పుట్టిల్లు ఎక్కడ?”

“ఉప్పుగూడండి.”

“ఉప్పుగూడా! పూర్వం అక్కడ సుందరమ్మ అని ఒక శివసత్తు ఉండేది. మా పెళ్లైన కొత్తలో బోనాలకు వెళ్లి చూశాను. అమ్మో, ఆ చూపు! ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. మీకు తెలుసా ఆవిడ?”

“తెల్వదండి,” అంది వీణ. కన్నతల్లిని ఎరగనని చెప్పడం అంత తేలికని ఆమె అనుకోలేదు.

బృందానికి పెద్ద కోజో అనే యువకుడు. ఘనా దేశం వాడు. నాలుగేళ్లుగా ఈ నగరంలోనే ఉండటంతో అతని హిందీ అచ్చంగా పాతబస్తీ హిందీ అయిపోయింది. “క్యా హైదరాబాద్, సో గయే క్యా?” అని, నిద్రపోయారా అన్నట్టు, అతను అరవగానే పిల్లలు కేకలు పెట్టారు. అతను ఒక దెబ్బ వేస్తే అందరూ రెండు వేయాలి. అతను పాట అందిస్తే అందరూ తిరిగి పాడాలి. డోళ్లు పంచారు. షారోన్ తమ డోలును రెండు చేతులా కావలించుకుంది.

“ఇటియ్యి బిడ్డా, నేను కొడత.”

“నీకు తలనొప్పి వస్తది మమ్మీ, వద్దు. నేను కొడత. నువ్వు ఆడు.”

“ఒక్కసారి ఇయ్యి నాకు.”

“ఊహూ!” షారోన్ అప్పటికే దరువులో పడింది.

వీణ చెయ్యి చాచింది. డోలు అందలేదు. గుండ్రంగా నిలబడిన కుటుంబాల్లో చేతులు ఖాళీగా ఉన్న పెద్దలను కోజో ఏరుకుంటూ వస్తున్నాడు. ఆమె ముందు ఆగాడు.

“ఆవో అమ్మా! హాథ్ ఖాలీ హై తో క్యా హువా, పైర్ తో హై నా?”

చేతులు ఖాళీ అయితేనేం, కాళ్లున్నాయి కదా అన్న ఆ మాటకు అందరూ నవ్వారు. కోమలవల్లి కూడా నవ్వి, వీణ వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. పారిపోవడానికి వెనక దారి లేదు. చుట్టూ కుర్చీలు, పిల్లలు, డోళ్లు.

డోళ్లన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. ఆ దరువు తండ్రి దరువు కాదు. అయినా వీణ కాళ్లకు ఆ తేడా తెలియలేదు. అరికాళ్ల కింద నేల చల్లబడింది. మిట్టమధ్యాహ్నపు వేడిలో, సిమెంటు నేల మీద, ఆ చల్లదనం చీలమండలకు, అక్కడినుంచి పిక్కలకు పాకింది. ఒక పిన్ను జారి మెడ మీద పడింది. తర్వాత ఇంకొకటి. ఆమె కాళ్లు ఆడుతున్నాయి. ఆడమని ఎవరు చెప్పారో ఆమెకు తెలియదు. ‘నేను’ అని మనం అనుకునేది ఒంట్లో ఏ మూల ఉంటుందో పండితులు ఎంతోకాలంగా వాదించుకుంటున్నారు. వీణకు ఆ క్షణంలో అది కళ్లలో మాత్రమే మిగిలింది. కాళ్లు పోయాయి, నడుము పోతున్నది, జుట్టు వీడుతున్నది. కళ్లు పోకూడదు. కళ్లలో బిడ్డ ఉండాలి.

ఆమె షారోన్ ముఖాన్ని పట్టుకుంది. చూపుతో, మునిగేవాడు తాడును పట్టుకున్నట్టు పట్టుకుంది. పిల్ల నుదుటి మీది చెమట, ఊడిన పంటి సందు, ఎడమ చెవి రింగు. రెప్ప వేస్తే ఆ ముఖం చెదిరిపోతుందేమోనని రెప్ప వేయలేదు. కళ్లు మండాయి, నీళ్లు కారాయి. అయినా వేయలేదు. ఇది నా బిడ్డ, దీని పేరు షారోన్, ఇది నా బిడ్డ.

డోళ్లు ఆగాయి. చప్పట్లు మోగాయి. వీణ నిలబడే ఉంది. తన పేరు, బిడ్డ పేరు గుర్తున్నాయి. అమ్మవారు రాలేదనుకుంది. లేదా వచ్చినా తనను తీసుకుపోలేకపోయింది. కోమలవల్లి కింద పడిన పిన్నులు ఏరి ఆమె చేతిలో పెట్టింది. ఆమె ముఖం చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో షారోన్ ఒక చివరకు జరిగి, బయటికి చూస్తూ కూర్చుంది.

“ఏమైంది బిడ్డా?”

“ఏం లే.”

“నేను నిన్ను చూసిన్నా, ఆడేటప్పుడు?” వీణ అడిగింది. ఆమె ఇన్నేళ్ల భయానికి ఆ ఒక్క జవాబే కావాలి.

“చూస్తనే ఉన్నవ్ కద. రెప్ప గూడ కొట్టలే.” షారోన్ ఇంకా బయటికే చూస్తోంది. “నేను నవ్విన, నువ్వు నవ్వలే. చెయ్యి ఊపిన, నువ్వు ఊపలే. నాకు భయమైంది మమ్మీ. నువ్వు నువ్వులెక్క లేవు.”

ఆటో సందు మలుపులో ఆగి, హారన్ కొట్టి, మళ్లీ కదిలింది. బిడ్డ ఏది చూడకూడదని వీణ ఇల్లు మార్చుకుందో, బెంచీ మార్చుకుందో, కన్నతల్లిని ఎరగనన్నదో, దాన్నే బిడ్డ చూసింది. అమ్మవారు చూపించలేదు. రెప్ప వేయకుండా తను కాసిన కాపలాయే చూపించింది.

అప్పుడొక ఆలోచన వచ్చి ఆమెను మరింత భయపెట్టింది. ఆనాడు గుంపులో తల తిప్పి చూసిన అమ్మ కళ్లు కూడా తనను పోగొట్టుకున్న కళ్లు కావేమో. పోగొట్టుకోకూడదని పట్టుకున్న కళ్లేమో. సుందరమ్మ ఎన్నడూ భయపడలేదని చెప్పిన అంజన్న అప్పుడు డప్పు చూసుకుంటున్నాడు. ఇక తెలుసుకునే దారి లేదు.

“మళ్ల గట్ల చూడకు,” అంది షారోన్.

“చూడ.”

“ప్రామిస్?”

“ప్రామిస్ బిడ్డా.”

పిల్లల భయం పిల్లలంత తేలిక. షారోన్ కాసేపటికి జరిగి వచ్చి తల్లికి ఆనుకుంది. ఇంకాసేపటికి తల్లి ఒళ్లోని హ్యాండ్‌బ్యాగును డోలు చేసుకుని, కోజో నేర్పిన దరువు మెల్లగా మొదలుపెట్టింది. ఒక దెబ్బ. రెండు దెబ్బలు. చిన్న వేళ్లే. అయినా దరువు తప్పలేదు. తాత చేతి వాటం ఎక్కడికి దిగిందో వీణకు అప్పుడు తెలిసింది.

వద్దనడానికి నోరు తెరిచింది. తలనొప్పి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

ఆటో ఇనుప నేల మీద అరికాళ్లు చల్లబడ్డాయి. పాత అలవాటున ఆమె చూపు బిడ్డ ముఖం వైపు, పట్టుకోవడానికి, పరుగెత్తింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి సగంలో ఆగింది. చేతులు ఒళ్లో ఖాళీగా ఉన్నాయి. దరువు సాగుతోంది. చల్లదనం చీలమండలు దాటింది.

వీణ భయపడుతూనే కళ్లు మూసుకుంది.