తొంభై అడుగుల దూరం

మొన్న అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే ఒక అమ్మాయి చేతిలో కరపత్రం పెట్టబోయింది. అక్కర్లేదమ్మా, నేనూ ముప్పై రెండేళ్లు కోచ్‌గానే పనిచేశానంటే, "ఏ కోర్సు ఆంటీ?" అంది. బేస్‌బాల్ అన్నాక నవ్వి పక్కవాళ్ల వైపు తిరిగింది. మన రోజుల్లో మాత్రం ఆ ఆట ఎందరికి తెలుసు! పొద్దున అమీర్‌పేటలో బడిపిల్లలకీ, సాయంత్రం పంజాగుట్టలో కాలేజీ అమ్మాయిలకీ నేర్పేదాన్ని. గ్లవ్స్ చాలక మా జట్టు విప్పినవే అవతలి జట్టు తొడుక్కునేది గానీ, పరుగెత్తేవాళ్లు తాకాల్సిన గుర్తులు, అదే బేస్‌కీ బేస్‌కీ మధ్య తొంభై అడుగులు నేను స్వయంగా టేపుతో కొలవందే ఆట మొదలయ్యేది కాదు.

నన్ను వేధించింది క్రికెట్ అలవాటు. బంతిని కొట్టగానే బ్యాటు అక్కడే వదిలి పరిగెత్తాలి, బేస్‌ని కాలితో తాకాలి. మా పిల్లలేమో బ్యాటు పట్టుకునే ఉరికి, దాన్ని ముందుకు చాచేవారు. అందుకే పక్కన గోనెసంచి పరిచి, బ్యాటు దానిమీద పడ్డాకే కాలు కదపమనేదాన్ని.

వాళ్లందరిలో ఎక్కువ వేగం ఒక కృష్ణానగర్ అమ్మాయిది. సినిమాల్లో లైట్లు మోసే వాళ్ల నాన్న ఫైనల్ రోజు మా మైదానానికి వచ్చి, "గెలిస్తే ఆడనిస్త మేడం, లేకుంటే సోమవారం సంది గ్రూప్ డ్యాన్సుల చేరుతది" అని తేల్చి చెప్పి గోడ దగ్గర నిలబడ్డాడు.

పరుగులు సమానంగా ఉన్నాయి, అలాగే ముగిస్తే కప్పు పోయినేడు గెలిచిన అవతలి జట్టుదే. ఇంకొక్కరు ఔటైతే క్రికెట్‌లో ఆఖరి వికెట్టు పడ్డట్టు మా ఆట ముగుస్తుంది, మూడో బేస్‌లో మా అమ్మాయి కాచుకుని ఉంది, బ్యాటు ఈమె చేతిలో ఉంది. ఈమె బంతి కంటే ముందు మొదటి బేస్ చేరితే, మూడో బేస్ అమ్మాయి తీసే పరుగు లెక్కకొచ్చి గెలుపు మాదే. కొట్టింది. పరిగెత్తింది, బ్యాటుతోనే. వదలమని గొంతు చించుకున్నాను, వినపడలేదు. బంతి కంటే ముందే చేరి, ఒంగి, బ్యాటు చాచి బేస్‌ని తాకించింది. కాలు పెట్టేలోపు బంతి అక్కడి ఫీల్డరు చేతికి వచ్చేసింది. అంపైర్ పిడికిలెత్తి ఔటన్నాడు.

మా వాళ్లంతా తలలు పట్టుకుని కూర్చుంటే గోడ దగ్గర ఆ తండ్రి ఒక్కడే చప్పట్లు కొడుతున్నాడు. "గెలిచినవ్ గదనే!" అన్నాడు కూతురు దగ్గరికి రాగానే. ఆయనకి ఆట తెలియదు, ఆమె ఊఁ అంటే సరిపోయేది. 

"లేదు నాయిన, ఔటైన. కాలు పెట్టాల్సింది, కట్టె పెట్టిన."

ఆయన ఆ బేస్ దాకా వెళ్లి దానిమీద కాలు పెట్టి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఇంట్ల లేసి నీళ్లు సుత తెచ్చుకోదు మేడం, గిట్ల ఉరుకుతదని నాకు తెల్వకపాయె" అన్నాడు. కూతురి నెత్తిమీద ఒకటి మొట్టి, "డ్యాన్సోళ్లకు నేను చెప్పుకుంట. వచ్చే ఏడు జర ఆ కట్టె పారేసి ఉరుకు" అన్నాడు. నెలల తరబడి గోనెసంచి నేర్పలేనిది ఆ ఒక్క మాట నేర్పింది.

మొన్న ఆ మెట్రో దిగి మా పాత మైదానం వైపే వెళ్లి చూశాను. అది ఇప్పుడు పార్కింగు. బ్యాటు పట్టి నిలబడే చోటినుంచి మొదటి బేస్ దాకా నా కంటి కొలతకు పక్కపక్కనే పదకొండు కార్లు పట్టాయి. కాపలా అతను మీ కారు ఏదమ్మా అని అడిగితే, ఏదీ కాదన్నాను. ఎక్కడ పరిగెత్తుతున్నారో ఇప్పటి పిల్లలు, చూడటానికి గోడ దగ్గర ఎవరు నిలబడుతున్నారో.