కంచె దాకా ప్రార్థన

మా చర్చిలో ఒక సంఘ పెద్దగారు ఉండేవారు. సర్వజ్ఞుడైన దేవుడికి నూజివీడు దారులు మాత్రం తెలియవని ఆయనకు గట్టి నమ్మకం. "తండ్రీ, ముసునూరు రోడ్డులో ట్రాన్స్‌ఫార్మర్ దాటి ఎడమకు తిరిగితే నా తోట. ముందు రసాలు, వెనక బంగినపల్లి" అని ఆయన ప్రార్థిస్తుంటే, పరలోకంలో దూతలు రాసుకోవడానికి పెన్నుల కోసం కొట్టుకునేవాళ్లు.

పక్క తోట తమ్ముడిది. గట్టు తగాదాతో ఏడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. అందుకే, "దీవెన కంచె దాకా చాలు ప్రభువా" అని ప్రతి ఆదివారం హద్దు కూడా చూపించేవారు. వెనక చాప మీద కూర్చుని తమ్ముడు వినేవాడు.

కాయ కోతకొచ్చిన ఒక ఆదివారం, ఆరాధన మధ్యలో ఆకాశం నల్లబడింది. గాలి లేస్తే రెండు తోటలూ రాలిపోతాయి. పెద్దాయన మోకరించి, గడగడా ప్రార్థిస్తూ కంచె దాకా వచ్చి ఆగిపోయారు. సంఘమంతా ఒక కన్ను తెరిచింది.

"అవతలి తోట కూడా కాపాడు తండ్రీ. వాడు మొండోడే గానీ, చెట్లేం చేశాయి?"

వెనక నుంచి తమ్ముడు కేకేశాడు.

"ఆమేన్ చెప్పెయ్ అన్నయ్యా! గాలి రాకముందే నీ తోట కోసేద్దాం, పద!"