పదకొండు మేకపిల్లల పరీక్ష

ఎలక్ట్రికల్ డిప్లొమాలో మాకు చెప్పిన మొదటి పాఠం: కొలిచే ముందు మీటరు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడాలి. లేకపోతే వచ్చే లెక్కంతా తప్పే. తెలంగాణ ఉద్యమం సాగుతున్న రోజుల్లో, ప్రత్యేక అవసరాలున్న పిల్లలను గుర్తించే క్యాంపులో ఫారాలు నింపే పనికి కుదిరినప్పుడు నేను ఆ పాఠం మర్చిపోయాను.

క్యాంపు మహబూబాబాద్‌లో ఒక బడిలో పెట్టారు. గంగారం వైపు తండా నుంచి ఒక లంబాడా తల్లి తొమ్మిదేళ్ల కూతురిని తీసుకొచ్చింది. పరీక్ష చేసే సారు కోస్తా నుంచి వచ్చినవాడు. పన్నెండు బొమ్మలు చూపి పుస్తకాల తెలుగులో అడిగాడు. పిల్ల నోరు విప్పలేదు. పన్నెండు గళ్లలోనూ నాతో సున్నాలు వేయించాడు. బుద్ధిమాంద్యం అని రాస్తే ఆ పిల్ల మూడో తరగతి వదిలి వేరే కేంద్రానికి పోవాలి.

నాకు కోపం వచ్చింది. హైదరాబాద్‌లో చదివేటప్పుడు నా తెలంగాణ మాట విని నవ్వినవాళ్లు గుర్తొచ్చి, ఆ సంగతి సారుకు అందరి ముందే చెప్పాను. నేను అడుగుతానని ఓడ బొమ్మ తీసుకుని, ఇక చెప్పకపోతుందా అన్న ధీమాతో, "గిదేంది బిడ్డా? జర చెప్పు" అన్నాను. పిల్ల నన్ను కూడా అట్లాగే చూసింది. వాళ్లింట్లో మాట్లాడేది లంబాడీ. అది నాకు తట్టనే లేదు. వాళ్లమ్మే అనాల్సి వచ్చింది.

"నీ మాటను నవ్వితె నీకు కోపమొస్తది. దాని మాటల మీరొక్కరన్న అడిగిండ్రా? రేపు పొద్దుగూకెటాల్లకు మా తండాకు రా అన్నా. నువ్వే చూస్తవు."

బస్సులు బంద్. దోస్తు బండి మీద, గళ్లు గీసిన కాగితంతో వెళ్లాను. తండాలో పగలంతా మేకపిల్లలను గంపల కింద మూస్తారు. మంద తిరిగి రాగానే ఒక్కో పిల్లను దాని తల్లి దగ్గరకు చేర్చాలి. ఆ పని ఈ అమ్మాయిదే. దుమ్ము, అరుపులు, మూడిళ్ల మేకలు కలగలిసిపోయాయి. పదకొండు మేకపిల్లలు. ఆమె ఎక్కడా ఆగలేదు. నేను వాళ్లమ్మను అడుగుతూ టిక్కులు పెట్టుకుంటూ పోయాను. ఏడోది, తెల్లది. దాన్ని నల్ల మేక దగ్గర వదిలింది. ఆ మేకకు అప్పటికే ఒక పిల్ల ఉంది. తప్పని రాశాను. వాళ్లమ్మ నవ్వింది. తెల్లదాని తల్లి చచ్చిపోయిందట. మందలో పరాయి పిల్లకు పాలిచ్చేది ఆ నల్లదొక్కటేనట. ఆ సంగతి కనిపెట్టింది కూడా ఈ అమ్మాయేనట. నేను రాసింది కొట్టేసి టిక్కు పెట్టాను.

మర్నాడు ఫారంలో సున్నాల మీద అడ్డంగా గీత గీసి రాశాను: ఈ పిల్లను ఆమె భాషలో ఎవరూ అడగలేదు, ఈ ఫలితం చెల్లదు. మేకల కాగితాన్ని ఆ ఫారం వెనక పిన్ను కొట్టాను. సారు చూశాడు. ఇక్కడ మేకల లెక్క ఎవడడిగాడు, ఆ వాక్యం కొట్టెయ్యి, లేదంటే రేపటి నుంచి రావద్దు అన్నాడు.

"కొట్టెయ్య సార్. లంబాడీ వచ్చినోళ్లతోని మల్ల అడిగియ్యుండ్రి. అప్పుడు ఎన్ని సున్నాలొచ్చినా నా చేత్తోనే ఏస్త."

నింపినవాడి సంతకం లేకుండా ఫారం పైకి పోదు. పెన్ను జేబులో పెట్టుకుని ఆయన బల్ల ముందే కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక సారు దిగొచ్చాడు. క్యాంపు జీపు పంపి తల్లీకూతుళ్లను మళ్లీ రప్పించి, ఆ బడిలో వంట చేసే లంబాడా అక్కను పిలిచారు. ఆమె అడుగుతుంటే పిల్ల తొమ్మిది బొమ్మలకు గబగబా చెప్పింది. పదోది ఓడ. అదేమిటని ఆ అక్కనే ఎదురు అడిగింది. అక్క సారు వైపు చూసింది. సారు చెప్పడం మొదలుపెట్టాడు, పిల్ల ఇంకేదో అడిగింది, అక్క తెలుగులో చెప్పింది, సారు మళ్లీ చెప్పాడు.

మిగిలిన రెండు బొమ్మలకూ పిల్ల చెప్పింది. సున్నా వేయకుండా పదో గడి ఖాళీగా వదిలి, సారు సరేనన్నాక మూడో తరగతిలోనే కొనసాగాలని రాసి, సంతకం పెట్టాను.