నాలుగు మోటార్ల కుర్చీ

ఆ రోజుల్లో నాకు కోపం ఎక్కువ. ఆ రోజులంటే ఏ పాతకాలమో అనుకునేరు, నాలుగేళ్ల కిందటి మాట. నాకప్పుడు అరవై ఒకటి, దుడుకు వయసు. అల్లూరు పక్కన మా చేలో మందు కొట్టడానికి డ్రోన్ తెచ్చినవాడు, "తాతా, దూరంగా నిలబడు, వేళ్లు తెగిపోతాయి" అన్నాడు. రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్ మోటార్లను ముప్పై ఏళ్లు బాగుచేసిన నాకు చెప్పాడా మాట. ఒళ్లు మండింది. వాడిది మందుడబ్బా మోస్తే నాది మనిషినే మోస్తుందని, ఆ మధ్యాహ్నమే పాత సామాన్ల కొట్టు మీద పడ్డాను.

ప్లాస్టిక్ కుర్చీ, ఇనప గొట్టాలు, సీలింగ్ ఫ్యాన్ రెక్కలు, పాత మోటార్లు మూడు దొరికాయి. నాలుగోది దొరకలేదు. వారం తిరిగేసరికి అన్నీ బిగించేసి, మా అన్న భోజనానికి వెళ్లిన సమయం చూసి, ఆయన రొయ్యల గుంటలో తిరుగుతున్న రెండు ఏరేటర్లలో ఒకదాని మోటారు విప్పేశాను. (అరగంటలో పెట్టేద్దామనే.) అక్కడి కరెంటు పెట్టె నుంచే తీగ లాగి, గట్టు మీద కుర్చీలో కూర్చుని స్విచ్ వేశాను. లేచాను. తాటిచెట్టంత ఎత్తు. అల్లూరు చేలు, అవతల సముద్రం, పడవలు, అన్నీ కనిపించాయి.

సరే, తాటిచెట్టు కాదు. అసలు లేవనే లేదు. మూడు ఫేజుల మోటారుకు రెండు తీగలు అటూ ఇటూ మారితే ఎదురు తిరుగుతుంది. గుంటలోనైతే నీళ్లు చిమ్మే తీరు చూసి దిద్దుకుంటాం, గాలిలో చిమ్మేదేముంది? గాలంతా పైకి కొట్టింది. నా లుంగీ లేచింది, కుర్చీ బురదలోకి దిగింది, ఫీజులు కాలి రెండో ఏరేటర్ కూడా ఆగిపోయింది. మూడు రోజులుగా మబ్బు, ఎండ లేక నీళ్లలో అసలే ప్రాణవాయువు తక్కువ. కాసేపటికే గాలి అందక రొయ్యలు నీటి పైకి తేలసాగాయి. సరిగ్గా అప్పుడే అన్నావదినలు వచ్చారు.

"నా మోటారు యాడరా?"

నా కుర్చీ పక్కకు చూపించాను.

"నీకు అరవై దాటినాయా, ఆరు దాటినాయా? రెండు నెలలు బిడ్డల్ని సాకినట్టు సాకినా. ఇవి చచ్చినాయంటే నా గడప తొక్కబాక."

"నేను లేకుంటే నీ మోటార్లు ఎప్పుడో మూలపడేవి" అని కుర్చీలోంచే అరిచాను.

"తర్వాత కొట్టుకొని చావండయ్యా, ముందు నీళ్లు కొట్టండి" అంటూ వదిన చేట పట్టుకుని గుంటలోకి దిగింది. వెనకే అన్న, ఛాతీలోతు నీళ్లలో, కొబ్బరిమట్టతో బాదుతూ, బాదిన ప్రతిసారీ నన్ను తిడుతూ. నేను ఫీజులు వేసి, మోటారు బిగించాను. చక్రాలు తిరిగాయి. రొయ్యలు మెల్లగా అడుగుకు దిగాయి. చచ్చి వదిన చేటలోకి వచ్చినవి గుప్పెడే.

అన్న గట్టు మీద కూలబడ్డాడు. పళ్లు టకటకలాడుతున్నాయి. నా వైపు చూడకుండానే, "ఎంత లేచిందిరా?" అన్నాడు.

"నాలుగు వేళ్లు."

"అబద్ధం."

"నీ మీద ఒట్టు."

తడి బట్టలు పిండుకుంటూ, "నిజంగా నాలుగు వేళ్లు లేచిందంటావా అది?" అన్నాడు.

ఆ తర్వాత రొయ్యలు పట్టేదాకా నాతో మాట్లాడలేదు. తడిసి వణుకుతున్న అన్న ముందు, ఒంటినిండా బురదతో, ఇంకా నాలుగు వేళ్ల కోసం బొంకుతున్న ఆ ముసలాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ కోపమే వస్తుంది. పూర్తిగా రాదు.